బొజ్జన్న మోటారు నడుస్తోంది

కళ్ళతో చూసి నమ్మడం అనాగరికం! ఈ మాటకు మీలో కొందరు కళ్ళెర్రజేస్తారని తెలుసు. చేయండి. ఆ కళ్ళకు ఇక మిగిలిన పని అదొక్కటే. చూడ్డానికి ఫోన్ ఉంది, వినడానికి ఫోన్ ఉంది, ఏది నిజమో తేల్చడానికీ ఫోనే ఉంది.

ఇది నా సొంత పైత్యం కాదు, దీనికి చరిత్ర ఉంది. ఇంగ్లండులో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ పండితులు కాఫీ కోసం మెట్లు దిగి వెళ్తే పాత్ర ఖాళీగా వెక్కిరించేదట. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? తిట్టుకుంటూ మళ్ళీ కాచుకుంటాం. వాళ్ళు మేధావులు కదా! పాత్రకు ఎదురుగా కెమెరా బిగించి, కాఫీ ఉందో లేదో ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునే చూసుకున్నారు. తర్వాత ఆ పాత్రను ఇంటర్నెట్టులోకీ ఎక్కించారు. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌క్యామ్ అదేనంటారు.

అంటే ఏమిటన్నమాట? ఇంతటి విప్లవానికి మూలం కుర్చీలోంచి లేవబుద్ధి కాకపోవడం! బద్ధకాన్ని తిట్టే పెద్దలు ఇకనైనా నోరు అదుపులో పెట్టుకోవాలి.

అంత మేధస్సు కేంబ్రిడ్జిలోనే ఉందనుకుంటున్నారా? పత్తికొండ పక్క పల్లెలో మా బొజ్జన్న ఉన్నాడు. బోరు కింద ఉల్లి, వాళ్ళ మాటల్లో ఎర్రగడ్డ, వేస్తాడు. చేను ఊరికి దూరం. ఇన్నేళ్ళూ కరెంటు వచ్చినప్పుడల్లా కంపచెట్ల మధ్య నడిచి పోయి, రేకు డబ్బాలో పచ్చ మీట నొక్కి, పైపులోంచి నీళ్ళు దూకడం కళ్ళారా చూసి తిరిగొచ్చేవాడు. ఎంత వెనకబాటుతనం!

ఈ ఏడు ఆయన ఫోన్ స్టార్టరు పెట్టించాడు. డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. దానికి ఫోన్ చేస్తే చాలు, మోటారు మొదలవుతుంది. వెంటనే ఒక తీయని ఆడగొంతు "మీ మోటారు నడుస్తోంది" అని చెబుతుంది. బొజ్జన్న ఆ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ నంబరును 'గంగమ్మ' పేరుతో దాచుకున్నాడు.

ఇక చూడాలి వైభవం! టీ బంకు ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని గంగమ్మకు ఫోన్ కొట్టేవాడు. స్పీకర్లో ఆ గొంతు వినబడగానే బంకు దగ్గరున్న వాళ్ళంతా మాటలాపి వినేవారు. "ఈడ కూసోని ఆడ నీళ్ళు కడ్తాండావు గదప్పా!" అని ఎవరో ఒకరు అనేవారు. బొజ్జన్న ఇంకో టీ చెప్పేవాడు. చేలో కాలు పెట్టడమే మానేశాడు. రైతును పొలం నుంచి విడుదల చేసిన యంత్రానికి మనం గుడి కట్టొద్దూ?

బొజ్జన్న భార్య హనుమంతమ్మ పాతకాలపు మనిషి. అంటే ఆమె ఇంకా కళ్ళు వాడుతుంది. ఉల్లి గడ్డ ఊరే అదనులో ఒకరోజు కలుపు తీద్దామని చేనికి పోయి, తీయకుండానే వేగంగా తిరిగొచ్చింది.

"ఏమయ్యా, ఎర్రగడ్డ మడి నెర్రెలిచ్చి ఉండాది. ఆకు కొసలన్నీ పండిపోతాండాయి. నీళ్ళు కడ్తాండావా లేదా?"

"దినామూ నడుస్తానే ఉండాది గదమే మోటారు!"

"యాడ నడుస్తాండాది? నేను ఆడినుంచే వస్తాండా. పైపులో చుక్క లేదు."

బొజ్జన్న నొచ్చుకున్నాడు. మాటలెందుకని గంగమ్మకే ఫోన్ చేశాడు. "మీ మోటారు నడుస్తోంది" అంది గంగమ్మ. సరిగ్గా అప్పుడే గోడ మీద బల్లి పలికింది! మాట నోట్లో ఉండగా బల్లి పలికితే ఆ మాట నిజమన్నట్టే కదా మన వైపు. బొజ్జన్న వేలితో నేల మీద తట్టి "సత్యం" అన్నాడు.

"ఇంగేం కావాల? ఫోన్ చెప్పె, బల్లి గూడా పలికె. నీ కండ్లే మసకలు పడినాయి. కర్నూలుకు పోయి చూపిచ్చుకో."

ఆయన్ని తప్పుపట్టకండి. ఒకవైపు ఆధునిక విజ్ఞానం, ఇంకోవైపు సనాతన విజ్ఞానం, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వాటికి ఎదురు నిలిచింది కట్టుకున్న భార్య ఒక్కతే. మీరైతే ఎవర్ని నమ్మేవారు? నిజం చెప్పండి!

హనుమంతమ్మ మళ్ళీ చేనికి పోయి, ఒక మొక్కను వేళ్ళతో సహా పీక్కొచ్చి మొగుడి చేతిలో పెట్టింది. గోలీకాయంత గడ్డ, అప్పుడే వడలిపోయి మెత్తబడింది. దాన్ని పట్టుకున్నాక బొజ్జన్నకు భయం పుట్టింది. ఆ ఇంటికి ఈ ఏడాదికి ఆధారం ఆ ఉల్లే. పరుగెత్తుకుంటూ చేనికి పోయి, ఎండిన మడిలో నిలబడి, డబ్బా మీదున్న నంబరు చూసి కంపెనీకి ఫోన్ చేశాడు. నిస్సీ అనే అమ్మాయి ఎత్తింది.

"సర్, మా సిస్టమ్‌లో మీ మోటారు నడుస్తోంది."

"నడుస్తాంటే నీళ్ళు రావల్ల గదమ్మా?"

"సిస్టమ్ ప్రకారం వస్తున్నాయి సర్."

"నేను మడిలోనే నిలబడి చెప్తాండా తల్లీ. కాళ్ళకు తడి గూడా అంటలేదు."

"ఆగిపోయిన మోటార్లకే కంప్లయింట్ తీసుకుంటాం సర్. నడుస్తున్న మోటారు మీద కంప్లయింట్ రాసే ఆప్షన్ మాకు లేదు. ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

గమనించారా, ఎన్ని సర్లో! పుట్టి బుద్ధెరిగాక బొజ్జన్నను ఎవరైనా అంత మర్యాదగా పిలిచారా? పైరు పోతే పోయింది, గౌరవం దక్కింది కదా!

డబ్బా తెరిచి చూద్దామంటే దాని మీద సీలు. తెరిస్తే వారంటీ పోతుందని ఎర్ర అక్షరాల్లో రాసుంది. బొజ్జన్న ఆ అక్షరాల ముందు దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "వారంటీ పెట్టుకోని సంకటి తింటామా?" అంది వెనకే వచ్చిన హనుమంతమ్మ. అంతే, కరెంటు ఫీజులు పీకేసి సీలు చించాడు.

లోపల బల్లి! రెండు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుంటేనే మోటారుకు కరెంటు పోతుంది. సరిగ్గా వాటి మధ్య ఒక బల్లి ఇరుక్కుని చచ్చి, అప్పడంలా ఎండిపోయి ఉంది. ఆ తీయని గొంతుకు ఇదంతా తెలియదు. ఫోన్ రాగానే పాఠం అప్పజెప్పడమే దాని పని. నీళ్ళు వచ్చాయో లేదో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు! అమెరికాలో, హార్వర్డులో, 1947లోనే ఒక మహా కంప్యూటర్ ఇలాగే మొరాయించింది. ఇంజనీర్లు విప్పి చూస్తే బిళ్ళల మధ్య ఒక చిమ్మట. యంత్రంలో తప్పును 'బగ్', అంటే పురుగు, అనడం అప్పటికే ఉంది, నిజం పురుగు దొరికింది మాత్రం ఇప్పుడేనంటూ దాన్ని పుస్తకంలో టేపుతో అంటించారు. అదిప్పుడు మ్యూజియంలో ఉంది. మన బల్లికి ఆ యోగం లేదు. చచ్చిన బల్లిని ముట్టుకుంటే తలస్నానమా, ఒట్టి కాళ్ళు కడుక్కుంటే చాలా అని పక్క చేలనుంచి వచ్చి చుట్టూ చేరినవాళ్ళు వాదించుకున్నారు. బల్లి తలమీద పడితే ఏమవుతుంది, భుజమ్మీద పడితే ఏమవుతుంది అని శాస్త్రంలో ఉంది. స్టార్టరులో పడితే ఏమవుతుందో మాత్రం రాయలేదు.

బొజ్జన్న వేపపుల్లతో దాన్ని గెలికి పారేశాడు. ఫీజులు పెట్టి మీట నొక్కితే నీళ్ళు భళ్ళున దూకాయి. పల్లపు మడులు మెల్లగా తేరుకున్నాయి. మెరక మడులు తేరుకోలేదు. సగం చేను పోయింది.

"నీ మాట ఇనింటే అంతా దక్కేది," అన్నాడు బొజ్జన్న గట్టు మీద కూలబడి. హనుమంతమ్మ పార తీసుకుని పల్లపు మడికి నీళ్ళు మళ్ళించడానికి పోయింది. తిట్టి ఉంటేనే ఆయనకు తేలిగ్గా ఉండేది.

పంట పీకే రోజున కంపెనీ కారు వచ్చింది. దిగినవాడు హర్షవర్ధన్, నంద్యాల కుర్రవాడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, సంకలో శాలువా. నిరంతరాయంగా మోటారు నడిపినందుకు కంపెనీ బొజ్జన్నను ఉత్తమ వినియోగదారుగా ఎంపిక చేసిందట! ఒక్క కంప్లయింటూ నమోదు కాలేదట!

"నీళ్ళే రాలేదప్పా, సగం చేను ఎండిపాయ," అన్నాడు బొజ్జన్న.

"లేదు సర్," అన్నాడు హర్షవర్ధన్, ట్యాబులోంచి తలెత్తకుండానే. "డేటా చూడండి. ఈ మండలంలో అందరికంటే బాగా తడిసిన పొలం మీదే. కొంచెం నవ్వండి, ఫోటో తీసుకుంటా."

పాఠకులారా, యంత్రం మీద నాకు కోపం లేదు. అది బల్లి పడితే ఆగుతుంది, తీస్తే నడుస్తుంది. నా బాధంతా మనిషి మీదే. తన చేనును తాను చూసి చెబుతున్నా వినేవాడు లేడు. బొజ్జన్న భార్య మాట వినలేదు, కంపెనీ బొజ్జన్న మాట వినడం లేదు.

బొజ్జన్న మెడలో శాలువా పడింది. నవ్వడం మాత్రం ఆయన వల్ల కాలేదు. మెరక మడిలో ఏరుకోవడానికి ఏమీ లేక నిలబడ్డ హనుమంతమ్మ, ఖాళీ గంప తెచ్చి హర్షవర్ధన్ కాళ్ళ దగ్గర పెట్టింది.

"నాయనా, అంత బాగా తడిసిన మడిలో ఎర్రగడ్డలు గూడా శానా ఊరింటాయి. ఆడినుంచే పీకి ఈ గంపలో పొయ్యి. నేను మోసుకుపోతా."

హర్షవర్ధన్ నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు. ట్యాబు దించాడు. కారు దిగిన తర్వాత మొదటిసారి మడి వైపు చూశాడు.