పది వేళ్ళు, పన్నెండు నట్లు

ఏప్రిల్ ఎండకి జాలరిపేట మొత్తం ఫ్యాన్ల కింద చేరి ఉసూరుమంటున్న వేళ, చేతులకి చలి వేయకుండా ఏం చేయాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్న మనిషి విశాఖపట్నం మొత్తానికి ఒక్కడే ఒక్కడు. పేరు ఎల్లారావు. నవ్వకండి, వాడి కష్టం వాడిది.

ఎల్లారావు స్కూబా డైవరు. టూరిస్టుల వీపున సిలిండరు కట్టి, చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దింపి, నాలుగు చేపలు చూపించి, ప్రాణాలతో పైకి తేవడం అతని పని. నీళ్ళ కింద మహా ధైర్యస్థుడు. ఇంట్లో మాత్రం భార్య దుర్గ దగ్గితే టీవీ సౌండు తగ్గించేస్తాడు.

దుర్గ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. పొద్దుటి నుంచి మూడింటిదాకా రొయ్యల తలలు తీసి, ఇంటికొచ్చి తన తల తింటుందని ఎల్లారావు బాధ.

"ఏటి మావా, తడి తువ్వాలు మంచం మీదేసినావు?"

"ఏటి మావా, సెప్పులు గుమ్మానికి అడ్డంగా ఇడిసినావు?"

"ఏటి మావా, ఊరికే నవ్వుతన్నావేటి?"

నవ్వుకి కూడా సంజాయిషీ చెప్పుకోవలసిన ఇల్లు అది.

అలాంటివాడికి ఒక కబురు తెలిసింది. హిమాచల్‌లో ఏదో డ్యాము ఉందట. నీళ్ళ అడుగున చెత్తని ఆపే ఇనుప జల్లెడలు వదులయ్యాయట. మునిగి నట్లు బిగించడానికి డైవర్లు కావాలి, పని రెండు నెలలు. కంపెనీ తరఫున శివరామకృష్ణ అనే ఇంజనీరు వైజాగ్ వచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని ఎంచుకుంటాడు.

జీతమెంతో కూడా ఎల్లారావు అడగలేదు. 'రెండు నెలలు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. రెండు నెలలు! తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ పారేయొచ్చు. పగలబడి నవ్వినా అడిగే నాథుడుండడు. ఆ సంబరంలో దుర్గకి ఒక్క ముక్క చెప్పలేదు. ఉద్యోగం ఖాయమయ్యాక, రైలు కదిలే ముందు కిటికీలోంచి చెబుదామని ప్లాను.

చిక్కంతా పరీక్షతోనే. ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీ తొట్టెలో నీళ్ళు నింపి, ఐసు దిమ్మలు పడేస్తారు. అందులో మునిగి, అడుగున ఇనుప పలకకి ఇరవై నిమిషాల్లో పన్నెండు నట్లు బిగించాలి. ఆ డ్యాములో నీళ్ళు కూడా అంత చల్లగానే ఉంటాయట. మన ఎల్లారావుకి ఫ్రిజ్జులో సీసా పట్టుకుంటేనే వేళ్ళు కొంకర్లు పోతాయి. చేతులు మొద్దుబారితే నట్టు జారిపోతుంది. దళసరి గ్లౌజులు తొడిగితే అసలు నట్టే దొరకదు. ఒక్క నట్టు తక్కువైనా రెండు నెలలు గోవిందా.

పాతపోస్టాఫీసు దగ్గర ఆటో సీట్లు కుట్టే కరీం అతని ప్రాణస్నేహితుడు. ఊళ్ళో కొలతల కరీం అంటారు. మీరు షేక్‌హ్యాండుకి చెయ్యి చాపితే జేబులోంచి టేపు తీస్తాడు.

"ఫికర్ వద్దు బావా," అన్నాడు కరీం, ఎల్లారావు అరచేయి కొలుస్తూ. "లోపలికి నీళ్ళెల్తేనే కదా సలి? రెక్సిన్‌తో గ్లౌజులు కుట్టి, మణికట్టుకాడ ఎలాస్టిక్ ఏసి బిగించీత్తాను. గాలి కూడా దూరదు."

"మరి ఏడి ఎలాగొత్తాది?"

కరీం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కారం."

"ఏటీ?"

"నోట్లో ఏసుకుంటే మండుతాది కదా? సేతికి రాసుకుంటే ఎచ్చగుంటాది. లాజిక్ బావా!"

లాజిక్ అన్న మాట వినబడితే ఎల్లారావు ఆలోచించడం మానేస్తాడు.

పరీక్షకి ముందు రోజు, దుర్గ షెడ్డుకి వెళ్ళగానే రిహార్సలు మొదలుపెట్టాడు. ఐసుపెట్టె నిండా ఐసు తెచ్చి నీళ్ళు పోశాడు. దుర్గ మొన్ననే మిల్లులో ఆడించి, ఏడాదికని జాడీకెత్తిన కారం దించాడు. నూనెలో కలిపి మోచేతులదాకా దట్టంగా పట్టించాడు. పైన కరీం కుట్టిన ఎర్ర గ్లౌజులు తొడిగాడు. ఏదో పాత ఆటో సీటు రెక్సినది. కుడిచేతి మీద 'అమ్మ దీ' అని ఉంది, 'వెన' ఎక్కడ పోయిందో కరీంకే తెలియాలి.

చేతులు ఐసులో పెట్టాడు. ఒక నిమిషం గడిచింది, చలేసింది. మూడు నిమిషాలకి గోరువెచ్చగా అనిపించింది. "ఓహో, కరీం బావా, నీ బుర్రకి దండం పెట్టాల!" అనుకున్నాడు. అయిదో నిమిషంలో హిమాచల్ కొండలు కూడా కనిపించాయి.

ఏడో నిమిషంలో కెవ్వుమన్నాడు.

నిప్పుల కుంపటిలో చెయ్యి పెట్టినట్టే ఉంది. గ్లౌజు లాగాడు, రాలేదు. రెండో చేత్తో లాగాడు, ఆ చేతికీ గ్లౌజే, జర్రున జారింది. పళ్ళతో పట్టి లాగాడు. తొడిగేటప్పుడు పైనంతా అంటుకున్న కారం నూనె పెదాలకి తగిలింది. కళ్ళ నీళ్ళొచ్చాయి. తుడుచుకున్నాడు. దేంతో తుడుచుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు.

ఫోను టేబులు మీదుంది. ముక్కుతో తెరిచాడు, ముక్కుతోనే నంబరు నొక్కాడు. మొదట గ్యాసు కంపెనీకి వెళ్ళింది. రెండోసారి కరీం ఎత్తాడు.

"బావా! గ్లౌజులు ఊడట్లేదు బావో!"

"సూసినావా?" కరీం గొంతు గర్వంతో పొంగిపోయింది. "నాను సెప్పలేదేటి, గాలి కూడా దూరదని?"

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. సముద్రంలో ఏటా రెండు నెలలుండే వేట నిషేధం మొదలైంది కదా, సరుకు లేక షెడ్డు మధ్యాహ్నానికే మూసేశారు. దుర్గ గుమ్మంలో నిలబడి చూసింది. నడింట్లో ఐసుపెట్టె, పక్కన సగమైన కారం జాడీ, వాటి మధ్య ఎర్ర చేతులతో, ఎర్ర కళ్ళతో, వాచిన మూతితో గెంతుతున్న మొగుడు.

"ఓలమ్మో! ఎవులు కొట్టినారు మావా?"

"ఎవులూ కొట్లేదు."

"మరా మూతేటి?"

"ఎండ దెబ్బ."

"ఇంట్లోకొచ్చి కొట్టిందేటి ఎండ? సరే, కారం ఏటైంది?"

"సీమలు పట్టినాయే..."

"సీమలు జాడీ మూత తీసి, నూనేసి కలుపుకున్నాయా?"

ఎల్లారావుకి ఇక అబద్ధం తోచలేదు. తోచినా చెప్పే ఓపిక లేదు. "సచ్చిపోతన్నానే దుర్గా!" అని బావురుమన్నాడు.

దుర్గ కత్తెర తెచ్చి ఎలాస్టిక్ కోసింది. చేతులు బయటికొచ్చాయి, ఉడికించిన రొయ్యల్లా ఉన్నాయి. గబగబా సబ్బుతో కడిగి, రెండు గిన్నెల నిండా పెరుగు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో చెయ్యి ముంచమంది. ఆ చల్లదనానికి ప్రాణం లేచొచ్చి ఎల్లారావు మొత్తం కక్కేశాడు. డ్యాము చెప్పాడు, నట్లు చెప్పాడు, రెండు నెలలు కూడా చెప్పాడు. తువ్వాలు సంగతి ఒక్కటే మింగేశాడు.

దుర్గ అంతా విని, "ఎప్పుడు పరీచ్చ?" అంది.

"రేపు పదింటికి."

"సరే. సేతులు పెరుగులోనే ఉంచు."

అంతే! తిట్టలేదు. కారం గురించి ఒక్క మాటైనా అనలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఎల్లారావుకి మంట తగ్గి ఒణుకు పట్టుకుంది.

మర్నాడు ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఇంజనీరు శివరామకృష్ణ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ముందు దిగిన యారాడ డైవరు ఐదు నట్లు బిగించి, నీలిరంగు పెదాలతో పైకొచ్చాడు. రెండోవాడు ఏడు బిగించి, టీ గ్లాసు కూడా పట్టుకోలేక ఒలకబోసుకున్నాడు. ఎల్లారావు వంతొచ్చింది. డైవింగు సూటు వేసుకున్నాడు, నడుముకి తాడు కట్టారు. నిన్నటి చేతులు ఇంకా చురచురలాడుతున్నాయి. కరీం పక్కన నిలబడి, "అల్లా ఉన్నాడు బావా," అన్నాడు. ఈసారి లాజిక్ మాట ఎత్తలేదు.

"ఆగు మావా!"

ఆ గొంతు వినగానే ఎల్లారావు పై ప్రాణాలు పైనే పోయాయి. దుర్గ చంకలో సంచి, చేతిలో ఫ్లాస్కుతో చరచరా నడిచొస్తోంది.

"సారూ, ఐదు నిమిషాలు," అంది ఇంజనీరుతో. సారు సరే అనేలోపు మొగుడి ముందు చతికిలబడింది. "తలకి టోపీ ఏదీ?"

"సలి సేతులకి కదే? తలకెందుకు?"

"తలా మెడా సల్లబడిపోతే ఒళ్ళు ఎచ్చటి రగతం సేతులకి పంపదు మావా, లోపలే దాసుకుంటాది." అని సూటు సంచిలోంచి రబ్బరు టోపీ తీసి తలకి తొడిగింది. మణికట్లకి పాత సాక్సు కోసి చేసిన గొట్టాలు ఎక్కించింది. వేళ్ళకి పల్చటి నూలు గ్లౌజులు, పైన షెడ్డులో తను వాడే రబ్బరు గ్లౌజులు తొడిగింది.

"ఇయ్యి వదులుగున్నాయే!"

"వదులుగుండాల. నీ కరీం బావ ఉరేసినట్టు బిగించీసినాడు, రగతం ఎలాగ ఆడతాది?" కరీం టేపు జేబులో దాచుకున్నాడు. దుర్గ ఫ్లాస్కు వంచి గోరువెచ్చని నీళ్ళు గ్లౌజుల్లో పోసింది. "ఈ నీళ్ళు లోపలుంటే ఐసునీళ్ళు దూరవు. ఈ గ్లౌజులేసుకునే రొయ్య నరం తీత్తాం మావా, నట్టు దొరకదేటి?"

ఎల్లారావు ఆమె మొహంలోకి చూశాడు. "ఇయ్యన్నీ నీకెలాగ తెలుసే?"

"పెళ్ళికి ముందు నుంచీ, పద్నాలుగేళ్ళగా నా సేతులు ఐసులో ఉన్నాయి మావా. సలెయ్యదా అని ఒక్కపాలైనా అడిగినావేటి?"

ఎల్లారావుకి నిజంగా సిగ్గేసింది. ఇంట్లోనే ఉన్న చేతులు, రోజూ అన్నం పెట్టే చేతులు, ఒక్కసారి పట్టుకుని చూడలేదు. ఏదో అందామనుకున్నాడు గానీ, దుర్గ అప్పటికే భుజం తట్టి తొట్టెలోకి దింపేసింది.

లోపల విచిత్రం! చలి మొహానికి చెంపదెబ్బ కొట్టింది గానీ వేళ్ళ జోలికి రాలేదు. వేళ్ళు చెప్పిన మాట వింటున్నాయి. పన్నెండో నట్టు బిగించి పైకి తేలేసరికి గడియారంలో పదిహేడు నిమిషాలు. హార్బరు మనుషులు ఈలలేశారు.

"భలే! ఎవరయ్యా ఈ ఏర్పాటు చేసింది?" అన్నాడు శివరామకృష్ణ.

చూడండి, బుద్ధిమంతుడైతే అక్కడ నిజం చెప్పేవాడు. కాసేపటి కిందట పడ్డ సిగ్గు ఐసునీళ్ళలోనే కరిగిపోయిందో ఏమో, ఎల్లారావు ఛాతీ విరుచుకుని, "నాదే సార్! నాలుగు రోజులు రీసెర్చి చేసినాను," అన్నాడు.

కరీంకి పొలమారింది. దుర్గ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అలాగా! మరి గ్లౌజులో పోసే నీళ్ళు ఎంత వేడుండాలి?"

"సలసలా మరగాల సార్!"

అందరూ బిక్కచచ్చిపోయారు. "చేతులు ఊడొస్తాయయ్యా!" అన్నాడు ఇంజనీరు.

"కాదు సారూ," దుర్గ ముందుకొచ్చింది. "మోసేతి మీద సుక్కేసుకుంటే ఏడీ తెలకూడదు, సలీ తెలకూడదు. దిగకముందే ఏళ్ళు సల్లబడితే నీళ్ళలో మరి ఎచ్చబడవు, ఒడ్డునే ఎచ్చగుంచాల. ఏళ్ళు మాటినడం మానేత్తే ఎంటనే పైకి లాగీయాల. నట్లు రేపైనా బిగించుకోవచ్చు, ఏళ్ళు మరి రావు."

శివరామకృష్ణ చేతిలో కాగితాలు మూసేశాడు. "అమ్మా, రెండు నెలలు మాతో వస్తారా? అక్కడ ఆరుగురు దిగుతారు. ఒడ్డున తాడు పట్టుకుని వాళ్ళ చేతులు కాపాడే మనిషి కావాలి. అసలు చిక్కు అదే, అలాంటి మనిషి దొరకట్లేదు."

"సార్!" ఎల్లారావు గొంతు చీలిపోయింది. "ఆడమనిషి సార్! అక్కడ సలి సార్!"

"చలి గురించి నువ్వు మాట్లాడకు. నువ్వూ రావచ్చులే, తాడుకి రెండో కొసన ఎవరో ఒకరుండాలి కదా."

"వేట బందు కదా సారూ, సెడ్డులో పనెలాగూ లేదు, వత్తాను," అంది దుర్గ. "ఇంతకీ తాడుతో ఎలాగ సెప్పాల?"

"ఒకసారి లాగితే ఆగాలి. రెండుసార్లు లాగితే, చేతిలో ఏ పనున్నా వదిలేసి పైకి రావాలి. తాడు పట్టుకున్న మనిషి మాటే ఆఖరు మాట, ఎదురు చెప్పడానికి లేదు. కంపెనీ రూలు."

దుర్గ ఆ రూలుని రెండోసారి చెప్పించుకుని మరీ విన్నది.

ఎల్లారావు ఐసు దిమ్మల వెనక బల్ల మీద కూలబడ్డాడు. కరీం టీ గ్లాసు చేతికిచ్చాడు. "ఏటి బావా, ఉద్దోగం వచ్చింది కదా! సంతోషంగా లేదేటి?"

"రెండు నెల్లు బావా," అన్నాడు ఎల్లారావు, ఏడవలేక. "రెండు నెల్లు..."

గ్లాసు పెదాల దాకా వెళ్ళింది. అప్పుడు నడుము దగ్గర తాడు ఒక్కసారి బిగిసింది. విప్పడం మర్చిపోయాడు మహానుభావుడు. గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ తాడు లాగింది, ఈసారి రెండుసార్లు.

ఎల్లారావు గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"టీ తాగెళ్ళు బావా, సల్లారిపోద్ది!"

"ఉండు బావా," అన్నాడు ఎల్లారావు అప్పటికే నడుస్తూ, "రూలు నీకు తెల్దు."