పెళ్లిచూపులకు లింగాకర్షక ఎర

1999లో ఒక ఆదివారం. గురుమూర్తి వేసుకున్న ప్లాన్ చిన్నదే. మదనపల్లెలో తాను పనిచేసే పురుగుమందుల షాపు మధ్యాహ్నానికి మూసి, ఓనరు ఆదినారాయణను పెద్దదిక్కుగా వెంటబెట్టుకుని, పుంగనూరు దగ్గర పిల్లను చూసి రావడం. ఇది ఏడో సంబంధం. మొదటి ఆరుగురూ పురుగుమందు కంపు కొడతాడని వద్దన్నారు. కుప్పం పిల్లయితే కొంగుతో ముక్కు మూసుకునే కాఫీ ఇచ్చింది.

అందుకే ఈసారి పేపర్లో ప్రకటన చూసి సెంటు తెప్పించాడు. 'ఇందులో ఫెరమోన్ ఉంది, ఆడవాళ్లు ఆగలేరు' అని సీసా మీద రాసుంది. తోటలో పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేందుకు టమోటా రైతులకు తాను అమ్మే ఎర ప్యాకెట్ మీదా అదే మాట, ఫెరమోన్. సెంటు పనిచేసిందని చెప్పినవాళ్లు ఎవరూ లేరు, ఎరను మాత్రం రైతులంతా మెచ్చుకుంటారు. ఎందుకైనా మంచిదని సెంటు కొట్టుకున్నాక, ఒక ఎర బిళ్ల కూడా తీసి కాలరుకు రుద్దాడు.

"అది మగ పురుగులు వచ్చేదానికి కదప్పా!" అన్నాడు ఆదినారాయణ.

"వాసనకు ఆడామగా ఏముండాదిలే సార్."

బస్సు పంచరై, టమోటా తోట మధ్యనున్న పిల్ల తండ్రి గంగులప్ప ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. పిల్ల మునిలక్ష్మి వచ్చి కూర్చుంది. గురుమూర్తి కాలరు మీద ఒక రెక్కల పురుగు వాలింది. తర్వాత నాలుగు. తర్వాత లెక్కలేదు. పాపం, రెండు చేతులా చెంపలు వాయించుకుంటూ వాటిని తోలసాగాడు.

"యాల చెంపలేసుకుంటాండాడు? ఏం తప్పు చేసొచ్చినాడో!" అంది పిల్ల తల్లి కృష్ణమ్మ.

"మొదటి పెళ్లాం గాని ఉండాదేమో!" గంగులప్ప లేచి నిలబడ్డాడు.

"అయ్యో, పురుగులమ్మా, పురుగులు!" అన్నాడు ఆదినారాయణ.

"ఒళ్లు పురుగులు పట్టిందా?" కృష్ణమ్మ కేక పెట్టింది. కాఫీ ఒలికింది. ఏడోది కూడా పోయిందని గురుమూర్తికి ఏడుపొచ్చింది.

మునిలక్ష్మి మాత్రం దగ్గరికొచ్చి ఒక పురుగును పట్టి చూసింది. "నాయినా, మన కాయల్ని తొలస్తాండే జాతే ఇది. ఈయప్ప కాలరుకు ఏదో పూసుకోనుండాడు, సూడు."

గురుమూర్తి తలొంచుకుని అంతా చెప్పేశాడు. గంగులప్ప ఆ చొక్కా విప్పించి, తోటలో నీళ్ల తొట్టి పైన వేలాడగట్టాడు. పెళ్లికొడుకు బనీనుతో బస్సెక్కాడు. తెల్లారేసరికి తొట్టి నిండా పురుగులే. ఆ కబురందిన మర్నాడే గురుమూర్తి ఆ ఎర బిళ్లలు పెట్టి మగ పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు తెచ్చి తోటంతా పెట్టాడు. రెండేళ్లుగా పోతున్న పంట ఆ ఏడు దక్కింది. పిల్లా దక్కింది.

పెళ్లయ్యాక ఒకరోజు అడిగాడు. "ఆ పొద్దు నా సెంటు నీకు పనిచేసిందా?"

"సెంటా? నాకు మందు వాసనే వచ్చింది. తోటకు మందు కొట్టే మా నాయన దగ్గరా అదే వాసన గదా. మనింటి మనిషే అనిపించింది."

ఆరుగురు వద్దన్న వాసనకు ఈ మాట దక్కినందుకు గురుమూర్తి కళ్లు చెమర్చాయి. సంబంధం కుదిర్చిన పురుగుల మీద కృతజ్ఞతతోనే, పురుగుమందులు అమ్మి బతికే ఆ మనిషి, ఇంట్లో దీపానికి వచ్చిన పురుగును మాత్రం ఇప్పటికీ చంపడు. జాగ్రత్తగా పట్టి బయట వదులుతాడు.

సెంటు సీసా షాపు అరలోనే ఉంది. దాని మీద ఇంతవరకూ ఒక్క పురుగూ వాలలేదు.