లిఫ్టులో విన్న పొగడ్త

ఆ ఉదయం సూపరింటెండెంటు గారి పథకం చాలా చిన్నది. తనిఖీకి వచ్చే డైరెక్టరు గారికి కిందే ఎదురెళ్ళి స్వాగతం చెప్పాలి. ఉద్యోగంలో చేరింది మొదలు ఎవరి నోటా రాని ఒక్క మంచిమాట ఆయన నోట వినాలి. బయల్దేరుతూ అలవాటుగా పడగ్గది ఫ్యాను ఆపేశారు.

"నేనింకా ఇక్కడే ఉన్నానండీ," అంది భార్య, జడ అల్లుకుంటూ.

"ఉన్నావు. ఫ్యాను కింద లేవుగా."

డైరెక్టరు ఏమన్నారో సాయంత్రం తప్పకుండా చెప్పమంది ఆవిడ. మెచ్చుకుంటే తన చెమటకీ ఒక అర్థం ఉంటుందిట.

ఆఫీసులో పొదుపు ఆయన చేతుల్లో పెరిగిన బిడ్డ. కాగితానికి రెండు వైపులా రాయించారు. కాగితపు కప్పులు మాన్పించి ఎవరి గ్లాసు వాళ్ళచేత తెప్పించారు. లిఫ్టు తలుపు మీద 'మోకాళ్ళు బాగున్నవారు మెట్లెక్కాలి' అని స్వయంగా రాసి అంటించారు. మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు పొదుపులో ఒకరిని మించి ఒకరయ్యారు. తనిఖీ కోసమని సిబ్బంది ఆయన ఫోటో పెద్దది చేయించి హాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టారు. వద్దు వద్దంటూనే ఆయన దాన్ని కాస్త లైటు వైపు తిప్పారు.

కారు వచ్చేసిందని కబురొచ్చింది. మూడంతస్తులు దిగేలోపు డైరెక్టరే ఎక్కి వచ్చేస్తారు. అటూ ఇటూ చూసి, తను అంటించిన కాగితం తన కంటపడనట్టే లిఫ్టులో దూరారు. సరిగ్గా అప్పుడే ఆయన ప్రియశిష్యురాలు, అసిస్టెంటు, ఈ పొదుపు చూసి గురువు గారు మెచ్చుకుంటారని మెయిన్ స్విచ్చు కట్టేసింది. లిఫ్టు హాలుకి కాస్త కిందే ఆగిపోయింది.

కిటికీలు లేని హాలు చీకటైపోయింది. ఫోటో కనబడటం లేదని ఎవరో దాని ముందు కొవ్వొత్తి వెలిగించారు. స్వాగతానికి తెచ్చిన పూలగుత్తి ఇంకెక్కడా చోటు లేక దాని పక్కనే చేరింది. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన డైరెక్టరు గుమ్మంలోనే ఆగిపోయారు. ఫోటో, కొవ్వొత్తి, పూలు, చీకట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు. ఆయన కళ్ళజోడు తీసి తల వంచారు. పై అధికారి వంచాక వంచని తల ఆ ఆఫీసులో లేదు.

"పొద్దున బాగానే ఉన్నారు కదండీ?" గుమాస్తా గొణిగాడు.

"మనకేం తెలుసు? పైవాళ్ళకి అన్నీ ముందే తెలుస్తాయి," అని అసిస్టెంటు వెక్కి వెక్కి ఏడ్చింది.

లిఫ్టులో సూపరింటెండెంటు తలుపు బాదడానికి చెయ్యెత్తారు. అంతలో పైనుంచి డైరెక్టరు గొంతు వినిపించింది, ఇలాంటి మనిషి మన శాఖలోనే లేడని. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నిజాయితీ అన్నారు, దూరదృష్టి అన్నారు. ఆ వర్ణనలోని మనిషి లోకానికి కొత్త కావచ్చు. సూపరింటెండెంటు మాత్రం ఎన్నాళ్ళనుంచో లోలోపల, ఎవరికీ చెప్పకుండా, అతన్నే పెంచుకుంటున్నారు. చీకట్లో నిలబడి మొదటిసారి అతన్ని బయటినుంచి విన్నారు. ఛాతీ ఉప్పొంగి లిఫ్టు ఇరుకైంది. ఆయన లేని లోటు తీరేది కాదని డైరెక్టరు అన్నప్పుడు, కాసేపు ఎదురు రానందుకే ఇంత లోటా అని కరిగిపోయారు.

"ఆ కుర్చీ ఖాళీగా ఉంచడం ఆయన ఆశయానికే అవమానం," అన్నారు డైరెక్టరు. "ఇంతగా కన్నీరు పెడుతున్న ఈ అమ్మాయే రేపు అందులో కూర్చుంటుంది."

లిఫ్టు దడదడలాడింది.

ఎవరో పరుగెత్తి మెయిన్ వేశారు. లిఫ్టు పైకొచ్చి తలుపు తెరుచుకుంది. చెమటలో తడిసిన సూపరింటెండెంటు వచ్చి తన ఫోటో పక్కనే నిలబడ్డారు. డైరెక్టరు ఫోటోని చూశారు, మనిషిని చూశారు, ఆఖరికి మళ్ళీ మూసుకున్న లిఫ్టు తలుపు మీది కాగితం చదివారు.

"ఇది రాసిందెవరు?"

"నేనేనండి."

"మోకాళ్ళు?"

"బాగానే ఉన్నాయండి."

డైరెక్టరు కళ్ళజోడు పెట్టుకున్నారు. బతికున్నవాడికి చెప్పడానికి ఆయన దగ్గర మంచిమాట ఒక్కటీ మిగల్లేదు. సంజాయిషీ రాసివ్వమన్నారు, కాగితానికి రెండు వైపులా. కొవ్వొత్తి ఊది, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

"ఏమన్నారు మీ డైరెక్టరు?" సాయంత్రం భార్య అడిగింది.

"అందరి ముందూ పొగిడారు." ఆయన తల ఎత్తే ఉంది, అన్నది అబద్ధం కాదు మరి. "నేను లేని లోటు తీరదన్నారు."

"మరి మీరున్న లోటు సంగతి ఏమన్నారు?" అంది ఆవిడ, ఫ్యాను వేస్తూ.