కౌన్సిలర్‌గారి శాశ్వత గృహం

మార్‌స్టో సముద్రతీర పట్టణంలో ఇదివరకు కూడా గొప్ప ప్రకటనలు జరిగాయి. కానీ కిందటేడు మార్చిలో టౌన్ హాల్‌లో ప్లానింగ్ కమిటీ ఛైర్మన్ రోడ్నీ పిల్‌బీమ్ గారు చేసిన ప్రకటన ముందు అవన్నీ దిగదుడుపే.

"ఈ ఊళ్ళో ప్రతి వృద్ధుడూ, ప్రతి వృద్ధురాలూ తమ సొంత ఇంట్లో, తమ సొంత గుమ్మం ముందు హాయిగా జీవించాలి. చివరిదాకా! ఉపన్యాసాలు ఎవరైనా ఇస్తారు. నేను చేసి చూపిస్తాను. నేనూ నా భార్య బెరిల్ మా మలివయసు కోసం ఒక పాత ఇల్లు కొని, బాగు చేయించి, దేశానికి నమూనాగా నిలబెట్టబోతున్నాం" అన్నారాయన.

చప్పట్లు మోగాయి. మొదటి వరసలో కూర్చుని కేకు కోస్తున్న బెరిల్ కూడా కత్తి పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. ఇల్లు కొంటున్న సంగతి ఆమెకు ఊరితోపాటే తెలిసింది. కౌన్సిలర్ల భార్యలకు అదొక సౌకర్యం, ఇంటికి వెళ్ళాక మళ్ళీ చెప్పించుకునే పని ఉండదు.

అప్పటికి వాళ్ళు ఉంటున్నది ఒకే అంతస్తు ఇల్లు. గేటు నుంచి పెరటి దాకా ఒక్క మెట్టు లేదు. డెబ్భై నాలుగేళ్ళ బెరిల్ మోకాళ్ళు రెండూ అరిగిపోయి ఉన్నాయి. చేతికర్ర పట్టుకుని రోజూ బజారుకు వెళ్ళేది. గురువారం గురువారం చర్చి హాలులో పాటల బృందానికి పియానో వాయించేది. ఇంతకన్నా ఏం కావాలని ఆమె అనుకునేది. ఆ ఇంటికి కారెక్టర్ లేదని, అంటే పాతకాలపు అందమేదీ లేదని రోడ్నీ గారు కనిపెట్టారు. దూరదృష్టి గల నాయకుడు కాబట్టి వెంటనే దాన్ని అమ్మేశారు.

కొత్తగా కొన్న పాత ఇల్లు హార్బర్ రో అనే వీధిలో ఉంది. రెండు వందల డెబ్భై ఏళ్ళ కట్టడం. రోడ్డు మీంచి గుమ్మానికి మూడు రాతిమెట్లు, ఒక్కోటీ మోకాలెత్తు. లోపల నిలబడితే తలకు దూలం తగులుతుంది, పైకి వెళ్ళాలంటే మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని మెట్లవరస.

"బాత్‌రూమ్ ఎక్కడ?" అని అడిగింది బెరిల్ మొదటిసారి చూసినప్పుడు.

"పైన. ఒరిజినల్!" అన్నాడు ఇళ్ళ బ్రోకరు, అదేదో బోనస్ అన్నట్టు.

"మోకాళ్ళు నొప్పి పుడితే?"

"ఆ దూలం చూశావా డియర్? ఓడ కొయ్య అది" అన్నారు రోడ్నీ గారు, నుదురు రుద్దుకుంటూ. ఆ దూలంతో ఆయనకు అప్పుడే పరిచయమైంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడమని ఎవరూ అనలేదు. అంత పగ ఎవరికుంటుంది? రోడ్నీ గారు మాత్రం దగ్గరుండి చేయించారు. మూసేసిన పొయ్యిగూడు తెరిపించారు, చలిగాలి చక్కగా లోపలికి రావడం మొదలైంది. చెక్కనేల మీది తివాచీ పీకించారు. గోడలకు 'తడిసిన గాడిద' అనే పేరుగల చారిత్రకమైన బూడిదరంగు వేయించారు. పనిమీదికి వచ్చిన మేస్త్రీ బారీ అన్నీ చేసి, చివరికి గుమ్మం దగ్గర టేపు పెట్టి కొలుస్తుంటే రోడ్నీ గారు ఆపారు.

"ఏం చేస్తున్నావ్ బారీ?"

"మెట్ల పక్కన పట్టుకోడానికి ఇనప కమ్మీ వేద్దామనండీ. మేడమ్ నిన్న దిగలేక నిలబడిపోయారు. పాలబ్బాయి చెయ్యిస్తే దిగారు."

"కమ్మీయా? హార్బర్ రోలోనా?" అంటూ రోడ్నీ గారు గుండె పట్టుకున్నారు. ఆ వీధి ముఖద్వారాల మీద పద్దెనిమిదో శతాబ్దంలో లేని వస్తువేదీ ఉండకూడదన్న నిబంధన స్వయంగా ఆయన తెచ్చిందే. ఈ ఇల్లు అమ్మిన ముసలావిడ కూడా కమ్మీ అడిగి, కాదనిపించుకుని, అమ్ముకుని వెళ్ళిపోయింది. సౌందర్యదృష్టి లేని మనిషి అని ఆయన అప్పట్లో విచారించారు.

"పద్దెనిమిదో శతాబ్దంలో ముసలివాళ్ళు లేరా రోడ్నీ?" అంది బెరిల్.

"ఉండేవారు డియర్. ఇంతకాలం ఉండేవారు కాదు."

"పోనీ, మెట్లకింద చిన్న టాయిలెట్ అయినా కట్టించు."

"గొట్టం బయటికి కనిపిస్తుంది. అదీ సముద్రం వైపు!"

సముద్రానికి ఆ గొట్టం ఎబ్బెట్టుగా ఉంటుందని ఆయన బాధ. బెరిల్‌కి ఒళ్ళు మండింది. కెటిల్ తీసి పొయ్యి మీద ఠంగున పెట్టింది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ చప్పుడు అర్థం తెలిసిన రోడ్నీ గారు కాస్త తగ్గి, "సరే. పద్ధతి ప్రకారం దరఖాస్తు పెడదాం. నా భార్య అయినా చట్టం చట్టమే" అన్నారు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుంది?

పద్ధతి ప్రకారం, అభ్యంతరాలుంటే రాయమని వీధి దీపస్తంభానికి నోటీసు కట్టారు. ఇక ఇరుగుపొరుగుల రాక మొదలైంది. ఆ ఊళ్ళో పక్కింటివాళ్ళ దరఖాస్తును వ్యతిరేకించాలంటే ముందు వాళ్ళింటికి వెళ్ళి టీ తాగాలి. అది మర్యాద. కుడి పక్కింటి కెప్టెన్ లూథర్ గారు బెరిల్ చేసిన నిమ్మకాయ కేకు రెండు ముక్కలు తిని, "వ్యక్తిగతంగా నాకేమీ అభ్యంతరం లేదమ్మా. కమ్మీ లేకపోతే ఎలా, పాపం!" అన్నారు. ఇంటికి వెళ్ళి, కమ్మీ వల్ల తన కిటికీలోంచి కనిపించే పద్దెనిమిదో శతాబ్దం చెడిపోతుందని కౌన్సిల్‌కు రాశారు. ఎడమ పక్కింటి మిస్ ఆడ్రీ ఇంకా సున్నితమైన మనిషి. బెరిల్ మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, "నీకేం కావాలన్నా కేకెయ్యి బెరిల్" అని చెప్పి మరీ వెళ్ళి రాసింది. మెత్తని కత్తికి పదునెక్కువ.

ఆ తర్వాత కమిటీ సభ్యులు స్థలపరిశీలనకు వచ్చారు. వాళ్ళలో అందరికంటే చిన్నవాడికి అరవై తొమ్మిది. మెట్లు ఎక్కడం సాధ్యమా కాదా అన్నది పరిశీలించాల్సిన అంశం. డిప్యూటీ ఛైర్మన్ ఫెలిసిటీ గారిని ఇద్దరు వెనకనుంచి నెట్టి, ఒకరు ముందునుంచి లాగి పైకి చేర్చారు. ఇంకో సభ్యుడు మధ్య మెట్టు మీద కూర్చుని కాసేపు సముద్రాన్ని చూసి, ఇక్కడిదాకా చాలు, పరిశీలించేశాను అన్నారు. మూడో ఆయన ఎక్కారు గానీ దిగలేక, రాత్రి భోజనం కూడా బెరిల్ దగ్గరే చేసి, బారీ వచ్చి ఎత్తుకుంటే కిందికి చేరారు. 'మెట్లు వృద్ధులకు అనుకూలంగానే ఉన్నాయి' అని కమిటీ ఏకగ్రీవంగా నమోదు చేసుకుంది.

సమావేశం నాడు బెరిల్ టౌన్ హాల్‌కు వెళ్ళలేదు. వెళ్ళాలంటే మెట్లు దిగాలి కదా. కిచెన్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని లైవ్ చూసింది. సొంత వ్యవహారం కాబట్టి ఛైర్మన్ ఆ అంశం వచ్చినప్పుడు గదిలోంచి బయటికి వెళ్ళాలి. అయితే ముందుగా దరఖాస్తుదారు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. రోడ్నీ గారు లేచి కోటు సర్దుకున్నారు. పత్రికా విలేఖరుల బల్ల నిండుగా ఉంది. ఎన్నికలు మేలో ఉన్నాయి.

"మిత్రులారా! దరఖాస్తు నాదే. దీన్ని తిరస్కరించమని మిమ్మల్ని వేడుకుంటున్నాను" అన్నారాయన.

విలేఖరులు కెమెరాలు ఎత్తారు.

"నా భార్యకు నొప్పి ఉంది. నిజమే. ఆ నొప్పి చూసి నా గుండె తరుక్కుపోతుంది. కానీ రోడ్నీ పిల్‌బీమ్ భార్యకు ఒక రూలూ, ఊళ్ళో వాళ్ళ భార్యలకు ఒక రూలూ ఉండకూడదు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కెప్టెన్ లూథర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. తిరస్కరణ ఏకగ్రీవం. మర్నాడు పత్రిక మొదటిపేజీలో 'సొంత భార్యనైనా వదలని నిజాయితీ' అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు.

ఆ రాత్రి ఇంటికొచ్చిన భర్తను బెరిల్ ఒకే ఒక్క మాట అడిగింది. "మరి నేను బయటికి ఎలా వెళ్ళాలి?"

"బయట ఏముంది బెరిల్? జీవితాంతం ఉండడానికే కదా ఈ ఇల్లు కొన్నది" అన్నారు రోడ్నీ గారు ప్రేమగా.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. బెరిల్‌కి ఆ క్షణాన తన భర్త మీద కోపం కూడా రాలేదు, భయం వేసింది. పాటల బృందం వాళ్ళు రెండు గురువారాలు ఎదురుచూసి, మూడోవారం నుంచి పియానోకు బదులు క్యాసెట్ వేసుకున్నారు. ఆ సంగతి మిస్ ఆడ్రీయే కిటికీలోంచి మెల్లగా చెప్పి, ఎంతో బాధపడి వెళ్ళింది. బజారు సరుకులు కూడా కిటికీలోంచే వస్తున్నాయి. బెరిల్ ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎదురుగా ఉన్న బస్‌స్టాప్‌లో ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ చూస్తూ కూర్చునేది.

పిల్‌బీమ్ గారి కీర్తి లండన్ చేరింది. వృద్ధుల గృహవసతి మంత్రిగారు స్వయంగా వచ్చి నమూనా గృహాన్ని ప్రారంభిస్తారని కబురొచ్చింది. వెనకే ఇంకో కబురు. మంత్రిగారు నడివయసు కూడా దాటని చురుకైన మహిళ, స్విట్జర్లాండ్‌లో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. చంకల్లో కర్రలతో వస్తారు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే కౌన్సిల్ వ్యాను వచ్చి హార్బర్ రోలో ఆగింది. నలుగురు మనుషులు దిగి, టీ తాగే లోపల మూడు రాతిమెట్లనూ కప్పేస్తూ పెద్ద చెక్క ర్యాంపు వేశారు. దానికి రెండు పక్కలా కమ్మీలు బిగించారు. పైన ఎర్ర తివాచీ పరిచారు. కెప్టెన్ లూథర్ గారు వచ్చి చూసి, చాలా హుందాగా ఉందన్నారు.

బెరిల్ కిటికీలోంచి అంతా చూసింది. "దీనికి పర్మిషన్ ఉందా?" అని అడిగింది.

"ప్రముఖుల కోసం వేసే తాత్కాలిక నిర్మాణాలకు అక్కర్లేదు డియర్. నాలుగింటికల్లా తీసేస్తారు" అన్నారు రోడ్నీ గారు టై కట్టుకుంటూ. "అన్నట్టు, నువ్వు పైన గదిలోనే ఉండు. నీ మోకాళ్ళ సంగతి మంత్రిగారి కంటపడితే బాగుండదు. అంతా అయ్యాక పిలుస్తాను."

బెరిల్ పైకి వెళ్ళింది. మంచి కోటు వేసుకుంది. హ్యాండ్‌బ్యాగులో మాత్రలూ, కళ్ళజోడూ, సీనియర్ల ఉచిత బస్ పాసూ పెట్టుకుంది. కింద బ్యాండ్ వాయించారు, మంత్రిగారు ర్యాంపు మీదుగా టకటకా లోపలికి వచ్చారు, ముందుగదిలో దూలాన్ని మెచ్చుకున్నారు. జనమంతా ఆ గదిలోకి కుక్కుకున్నాక బెరిల్ ఇంట్లోని మెట్ల మీద కూర్చుంది. చిన్నపిల్లలా ఒక్కో మెట్టే జరుగుతూ, పళ్ళ బిగువున నొప్పి భరిస్తూ కిందికి చేరింది. చేతికర్ర తీసుకుంది.

"మరి మీ శ్రీమతిగారికి ఎలా ఉంది కొత్త ఇల్లు?" ముందుగదిలోంచి మంత్రిగారి గొంతు వినిపించింది.

"ఏం చెప్పమంటారు మేడమ్! వచ్చి నెలన్నర అయింది, గడప దాటితే ఒట్టు. అంత నచ్చేసింది ఆవిడకి!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో బెరిల్ గడప దాటింది.

ర్యాంపు ఎంత బాగుందో! కమ్మీ చల్లగా, గట్టిగా, సరిగ్గా చేతికి అందే ఎత్తులో ఉంది. తివాచీ చివర కాపలా ఉన్న పోలీసు ఆమెను ఎవరో ప్రముఖురాలనుకుని సెల్యూట్ కొట్టాడు. ఆమె కూడా హుందాగా తల ఊపి, రోడ్డు దాటి, బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుంది. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు. సముద్రపు గాలి మొహానికి కొడుతుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బస్సు, ఆ ఊరి అలవాటు ప్రకారం, ఆలస్యమైంది. ఈలోపల మంత్రిగారు ఫొటోలు దిగి కారెక్కారు. వ్యాను మనుషులు వచ్చి తివాచీ చుట్టేసి, కమ్మీలు విప్పి, ర్యాంపు ఎత్తి లోపల పడేసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం మళ్ళీ బయటపడింది. చివరికి బస్సు వచ్చి ఆమె ముందు ఆగింది. కర్ర చూసి డ్రైవరు మీట నొక్కాడు. బస్సు ముందుభాగం బుస్సుమంటూ రోడ్డంచు దాకా వంగింది. బెరిల్ కాలెత్తాల్సిన పని లేకుండానే లోపలికి అడుగు పెట్టింది.

ఎదురుగా ఉన్న తమ ఇంటి తెరిచిన కిటికీలోంచి, లోపలి మెట్ల మొదట్లో నిలబడి పైకి అరుస్తున్న రోడ్నీ గారి గొంతు వినబడింది. "బెరిల్! ఇక దిగి రా డియర్, అందరూ వెళ్ళిపోయారు!"

డ్రైవరు చెవి రిక్కించాడు. "ఆ ఇంట్లో ఎవరినో పిలుస్తున్నట్టున్నారమ్మా. ఇంకెవరైనా ఎక్కేది ఉందా? ఆగమంటారా?"

"అక్కర్లేదు నాయనా" అంది బెరిల్, ముందు సీట్లో సర్దుకుని కూర్చుంటూ. "ఆవిడ దిగిపోయింది. నువ్వు పోనీ."