మేడ్చల్‌కు వచ్చిన చార్మినార్

"మేడ్చల్, శామీర్‌పేట పిల్లలందరికీ సర్కారువారు పట్నం నడిబొడ్డు చూపిస్తరహో. చార్మినార్, పత్తర్‌గట్టి, లాడ్ బజార్, అన్నీ ఉచితమహో. తల్లిదండ్రులు సంతోషించవలెను. సంతోషించనివారు కచేరీకి వచ్చి కారణం చెప్పవలెను."

యుద్ధం జోరుగా సాగుతున్న రోజుల్లో కచేరీ జవాను అంజయ్య వీధి వీధికీ తిరిగి ఈ మాట చాటాడు. బాలల విహార మహకమా అనే సర్కారు శాఖ మా ఊళ్ళో కచేరీ తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. దాని ముహ్తమిమ్, అంటే ఇక్కడి అధికారి, వామనరావుగారు ఇంత త్వరగా ప్రజాసేవలోకి దిగుతారని ఎవరనుకున్నారు? నాకు స్టేషన్ రోడ్డులో వెదురు, గోనెసంచులు, కిరాణా వ్యాపారం. పట్నం చూసిన పిల్లకు ఆశ పుడుతుంది, ఆశ పుట్టిన ఇంటివాళ్ళు నా కొట్టుకు వస్తారు. కాబట్టి ఆయన్ని మనసారా మెచ్చుకున్నాను.

మర్నాడే దానమ్మ తన బిడ్డ రాహేలును వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె మగడు యాకోబు పట్నంలో చార్మినార్ పక్కనే రాళ్ళు మోసే కూలి. గుత్తేదారు సెలవివ్వక ఇంటి మొహం చూసి చాలాకాలమైంది.

"సేటూ, పిల్ల తలకు జర నూనె పొయ్యి. పట్నం పోతాంది. పగటి బువ్వ యాళ్లకు చార్మినార్ కింద నిలవడుమని వాళ్ల బాపుకు కబురు వంపిన."

"మీ బాపును గుర్తువడ్తవా?" అని పిల్లనడిగాను.

"నేను గుర్తువట్టకున్నా, బాపు నన్ను గుర్తువడ్తడు" అంది రాహేలు.

నూనె పోశాను. మేడ్చల్ తలలు ఎండిపోయి పట్నంలో తిరిగితే మేడ్చల్ వర్తకానికే చెడ్డపేరు.

అంతలో చిన్న చిక్కు వచ్చిపడింది. పిల్లలను మోటారులో తీసుకుపోవలెనని పై ఉత్తర్వు. పెట్రోలంతా యుద్ధం తాగేస్తోంది.

"రైలున్నది గద దొరా" అన్నాను వామనరావుగారితో. అప్పుడే పట్నం బండి కూత వేసి మా ముందునుంచే వెళ్ళింది.

"రైలు ఉత్తర్వుల లేదు సేటూ. రైల్ల పోతే ప్రయాణమైతది. మోటర్ల పోతెనే విహారం." వామనరావుగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "పిల్లల్ని పట్నం కాడికి తీస్కపోలేం. పట్నాన్నే పిల్లల కాడికి తెద్దాం. నీ తాన వెదురున్నదా?"

ఉంది. ఇంత దూరదృష్టి గల అధికారిని నేనెన్నడూ చూడలేదు.

మొహర్రానికి తాజియాలనే కాగితపు గుమ్మటాలు కట్టే సిద్దయ్యను శామీర్‌పేట నుంచి పిలిపించారు. వెదురు, రంగు కాగితాలు, తళుకులతో బడి మైదానంలో చార్మినార్ లేచింది. గడియారం కూడా గీశారు. కాని సిద్దయ్య చెయ్యి తాజియాలకు అలవాటుపడిన చెయ్యి. జనం పీర్ల పండుగే అనుకొని మలీద ముద్దలు, బెల్లం షర్బతు తెచ్చారు. శంకరమ్మ తన కోడలి కడుపు పండాలని ఒక మినారుకు మొక్కుగుడ్డ దట్టీ కట్టింది.

"కాలం గాని కాలంల పీరు లేసిందంటే మహత్తున్నట్టె" అంది.

ప్రజలకు చారిత్రక కట్టడాలపై భక్తి పెరిగిందని వామనరావుగారు పై కచేరీకి తెలియజేశారు.

దానమ్మ మాత్రం సంతోషించలేదు. "ఆయన అసలుదాని కింద నిలవడ్తడు సేటూ. గీ కాయిదాలది సూస్తె పిల్లకేమొస్తది?"

"పట్నంల పెద్ద దొర నాజిమ్ సాహెబ్ తనిఖీకి వస్తుండు. ఆయన్నడుగు" అన్నాను. సలహా ఇవ్వడానికి పెట్టుబడి అక్కర్లేదు.

నాజిమ్ సాహెబ్ పట్నం నుంచి మోటారులోనే వచ్చారు. తనిఖీ పెట్రోలు వేరు. వెంట వారి పిల్లలిద్దరూ ఉన్నారు.

"పట్నంలనే పుట్టిండ్రు గని కచేరీ పనుల్ల చార్మినార్ సూపెట్టనీకి ఫుర్సత్ దొరకలే" అన్నారాయన. "ఈడైతే బాల్‌బచ్చాలతోని ఆరాంగ చూడొచ్చని ఇన్న."

చుట్టూ తాడు కట్టి ఊరి పిల్లలను అవతలికి జరిపారు. నాజిమ్ గారి పిల్లలు చార్మినార్ చుట్టూ తిరిగారు. మినారు మీద గీసిన గడియారం చూసి నాజిమ్ గారు తన చేతిగడియారాన్ని సరిచేసుకున్నారు.

దానమ్మ రాహేలు చెయ్యి పట్టుకొని ముందుకొచ్చింది. "సర్కార్, మీ మోటర్ల జాగ ఉన్నది. నా బిడ్డను పట్నం దాన్క తీస్కపోండ్రి."

"పట్నమా? ఈడ లేనిది ఆడ ఏమున్నది?"

"బాపు" అంది రాహేలు.

నాజిమ్ సాహెబ్ వామనరావుగారి వైపు చూశారు. తనిఖీలో లోపం బయటపడింది. వామనరావుగారు క్షణం కూడా తడబడలేదు.

"అంజయ్యా, కింద నిలవడు."

అంజయ్య కాగితపు కమాను కింద నిలబడ్డాడు. వామనరావుగారు తల వంచి పరిశీలించి, ఇంకా ఏదో తక్కువైందని, యాకోబు చేసే పని నన్నడిగి, అంజయ్య నెత్తిమీద ఒక రాయి పెట్టించారు.

"బహుత్ ఖూబ్" అన్నారు నాజిమ్ సాహెబ్. "ప్రతి తాలూకాల గిట్లనే ఉండాలె."

మోటారు పట్నం వైపు సాగిపోయింది. వామనరావుగారు దాని వెనకే సలాం చేస్తూ చాలాదూరం నడిచారు. రాహేలు తాడు కింది నుంచి దూరి వచ్చి, అంజయ్య మొహంలోకి చూస్తూ నిలబడింది.

"రాయి బరువున్నదా?"

"బరువే బిడ్డా."

"మరి దించు."

దొర వెళ్ళిన దారి వైపు అంజయ్య కళ్ళు తిప్పాడు, తల తిప్పలేదు.

"దించనీకి ఉత్తర్వు రాలె బిడ్డా."