యువజన విభాగంలో కండ పరీక్ష

మా పార్టీ జిల్లా అధ్యక్షులు వెంకటప్పయ్య గారు దమ్మపేట సభలో చారిత్రక ప్రకటన చేశారు.

"యవ్వనం సర్టిఫికెట్‌ల ఉండదు, కండల ఉంటది. ఇగ నుంచి యువజన విభాగం పదవులు ఒళ్ళు కొలిచే ఇస్తం!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మండల యువజన అధ్యక్షుణ్ణి కదా. వయసు యాభై ఆరు. ఇరవై ఏళ్ళుగా ఆ పదవిలో యవ్వనంగానే ఉన్నాను.

పరీక్ష రోజు ఫంక్షన్‌హాల్లో డాక్టర్ లిఖిత ఒక మిషన్ పెట్టింది. చెప్పులు విడిచి ఎక్కి పిడులు పట్టుకుంటే ఒంట్లో కొవ్వెంతో కండెంతో చెబుతుందట. ఛాతీ విరుచుకుని ఎక్కాను.

"నా పెళ్ళప్పుడు డెబ్బై రెండు కిలోలు. ఇప్పుడూ అంతే," అన్నాను.

"బరువంతే ఉంది అంకుల్. కండ కరిగింది, ఆ జాగాలో కొవ్వొచ్చింది. వయసు మీద పడితే చానామందికి గిట్లనే అయితది."

అంటే బయట బోర్డు అదే. లోపల ఫిరాయింపులు జరిగిపోయాయి. అధ్యక్షుడికి మాత్రం సమాచారం లేదు.

తర్వాత కుర్చీ పరీక్ష. చేతులు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. మూడోసారికి కుర్చీ నన్ను వదల్లేదు.

అప్పుడు ముందుకొచ్చింది సోమ్లి. చండ్రుగొండ దగ్గరి తండా మనిషి, పార్టీ సభ్యురాలు, అరవై ఏడేళ్ళు. తండాకు రోడ్డు వేయిస్తానని నేను మాటిచ్చిన ప్రతిసారీ నమ్మింది. కూర్చుంది, లేచింది, కూర్చుంది, లేచింది. లిఖిత ఆపితే గాని ఆగలేదు. మిషన్ కూడా ఆమెకే ఓటేసింది.

"ఇగ పదవి నాదే గద సారూ? మా తండాకు రోడ్డు నేనే ఏపిచ్చుకుంట."

పరిస్థితి చక్కదిద్దడానికి జిల్లా అధ్యక్షులవారు స్వయంగా కుర్చీలో కూర్చున్నారు. లేవబోయారు. జై కొట్టాం. మళ్ళీ లేవబోయారు. నేను చెయ్యి పట్టి లాగి, ఆయన ఒళ్ళోనే పడ్డాను.

"లోపం కుర్చీల ఉంది," అన్నారాయన రొప్పుతూ. "ఎత్తు చాలదు. పెద్దది చేపియ్యుండ్రి."

"ఎత్తు పెంచితే అది పరీక్ష కాదు సార్," అంది లిఖిత.

"నువ్వు డాక్టరువమ్మా. పార్టీ సంగతి నీకేం ఎరుక?"

వారం తిరక్కముందే టేకు కుర్చీ వచ్చింది, నడుమెత్తున. కార్యకర్తలు నన్ను ఎత్తి కూర్చోబెట్టారు. ముందుకు జారితే చాలు, నిలబడ్డట్టే. ఐదుసార్లు ఎత్తారు, ఐదుసార్లు జారాను. పాసయ్యాను.

సోమ్లి పొట్టి మనిషి. ఆమెను ఎత్తడానికి ఎవరూ రాలేదు. అంచు పట్టుకుని ఎగిరి చూసింది. ఎక్కలేకపోయింది.

"పాత కుర్చీల చేస్త సారూ."

"కుదరదమ్మా. రూల్ అందరికీ ఒకటే," అన్నాను.

కూర్చోవడమే చేతకాని మనిషికి లేచే పరీక్ష ఎలా పెడతామని ఆమె పేరు కొట్టేశారు.

సాయంత్రం నాకు సన్మానం. వేదిక మీద కొత్త కుర్చీలోనే కూర్చోబెట్టి, యువతకు సందేశమిమ్మన్నారు. గంటసేపు మాట్లాడాను. కాళ్ళు నేలకు ఆనలేదు గాని, సభ బాగా జరిగింది.