ఊహించుము, సరిచూడుము

జావా ద్వీపంలో, యోగ్యకర్తలోని మా విశ్వవిద్యాలయం, ప్రపంచంలో ఎవరికీ కొరుకుడు పడని గ్రాఫు సమస్యలన్నిటినీ పరిష్కరించేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

మనుషులను చుక్కలుగా పెట్టి, ఒకరితో ఒకరికి పడేవాళ్ళ మధ్య గీత గీస్తే అదే గ్రాఫు. అందులో ఏ ఇద్దరిని తీసుకున్నా వారికి పడే గుంపును వెతకడం మహా కష్టం. మా పరిశోధక విద్యార్థిని వెనింగ్ దీనికి రెండు మెట్ల పద్ధతి రాసింది. ఒకటి: సరైన గుంపును ఊహించుము. రెండు: ప్రతి జంటనూ సరిచూడుము. మొదటి మెట్టు ఎలా ఎక్కాలని అడగడం మా శాస్త్రంలో అమర్యాద. ఊహ తప్పయితే రెండో మెట్టు దగ్గర దొరికిపోతుందన్నదే ధైర్యం.

వెనింగ్ చదువు గడువు ఆ శుక్రవారంతో సరి. ఆలోగా మౌఖిక పరీక్ష కాకపోతే పేరు కొట్టేస్తారు. శాఖాధిపతి సుదర్మాజీ గారు ఆమె పద్ధతితోనే ఆమె పరీక్షకులను ఎంపిక చేసి గౌరవించదలిచారు. కళ్ళు మూసుకుని హర్తోయో గారిని, సులస్త్రి గారిని ఊహించారు. ఏసీ రిమోట్ ఎవరి గదిలో ఉండాలన్న సిద్ధాంత భేదం వల్ల వారిద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది.

"పాత మీటింగుల మినిట్స్ తీసి సరిచూడండి సార్. వాళ్ళను మాత్రం అడక్కండి," అంది వెనింగ్.

"రుజువులు వెతికితే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారమ్మాయ్. నోటిమాట చాలు," అంటూ ఆయన ఫోను తీశారు.

"ఆవిడతో నాకు పడకపోవడమా? తోబుట్టువండీ నాకు!" అన్నారు హర్తోయో.

"ఆయనుంటే పరీక్షకే నిండుదనం," అన్నారు సులస్త్రి.

సరిచూడడం పూర్తయింది. జావాలో ఇంతవరకు ఏ ఊహా తప్పలేదు. "కుదరదు" అని మొహం మీద చెప్పే మనిషి దొరికితే కదా!

శుక్రవారం వచ్చింది. అరిటాకులో చుట్టిన జిగురన్నం ముద్దలు, అవే లెంపెర్లూ, తీపి టీ వచ్చాయి. పరీక్షకులిద్దరూ నవ్వుమొహాలతో కూర్చున్నారు.

"ముందు మీరు అడగండి మేడం."

"పెద్దవారు మీరుండగా నేనా?"

"వయసు సంగతి ఎందుకులెండి. చల్లటి గదిలోంచి వచ్చినవారు మొదలుపెడితే బాగుంటుంది."

"అబ్బే, వేడి మీదున్నవారే కానివ్వాలి."

"ఎవరో ఒకరు నన్ను తిట్టినా బాగుండు, అదే ప్రశ్న కింద రాసుకుందును," అని వెనింగ్, పక్కనే మినిట్స్ రాస్తున్న నా చెవిలో గొణిగింది. మర్యాదలు ముగియకముందే హాలు గడువు ముగిసింది. ప్రశ్న లేని పరీక్ష నిబంధనల ప్రకారం పరీక్ష కాదు. సాయంత్రానికి పేరు కొట్టేశారు.

సుదర్మాజీ గారు ఆమెను పిలిపించి ఆప్యాయంగా అడిగారు. "మా ఏర్పాట్లలో నీకేమైనా ఇబ్బంది కలిగిందా అమ్మాయ్?"

ఆ పిల్లా మా ఊరి పిల్లే. తల వంచి, "లేదు సార్. చాలా బాగా చేశారు," అంది.

దానితో పద్ధతి సందేహాతీతంగా రుజువైంది. ఇకమీదట విశ్వవిద్యాలయమంతటా ఇదే అమలు.

మమ్మల్ని చూసి నవ్వకండి. సంబంధం ఖాయం చేసి, శుభలేఖలు అచ్చుకిచ్చి వచ్చాక, "నీకిష్టమేనా అమ్మా?" అని మీ ఇళ్ళలో అడిగేదీ ఈ రెండో మెట్టే.